కనుమ నాటి విందుకు ఇంటికొక వంట: పిలిచినవారు చూసుకోవలసినవి

హైదరాబాదు నుంచి సంక్రాంతికి అమలాపురం దగ్గరి అత్తవారి ఊరు వస్తున్నామనీ, కనుమ సాయంత్రం చుట్టాలు, ఇరుగుపొరుగు కలిపి పదకొండు ఇళ్లవారిని పిలవాలనుకుంటున్నామనీ, పిల్లలతో కలిపి నలభై మంది దాకా అవుతారనీ, వంట భారమంతా ఒక్కరి మీద పడకుండా ఇంటికొక వంటకం తెచ్చే పాట్‌లక్ పద్ధతిలో విందు చేయాలని ఉందనీ రాశారు. భోజనానికి పిలిచి వంట తెమ్మనడం మన వైపు మర్యాదేనా, ఎవరికి ఏది ఎంత చెప్పాలి, తెచ్చినవి చెడిపోకుండా వేడివేడిగా ఎలా వడ్డించాలి, మాంసాహారం ముట్టనివారినీ మడి పాటించే మీ అమ్మమ్మగారినీ అదే పందిట్లో ఎలా కూర్చోబెట్టాలి అన్నవి మీ సందేహాలు. మా ఊళ్లో కార్తీక వనభోజనాల వంటల ఏర్పాటు, మా ఇంట్లో పండుగ భోజనాల ఏర్పాటు చాలా ఏళ్లుగా చూస్తున్నదాన్ని కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటికొక వంటతో చేసే విందు రుచి తగ్గి చెడిపోదు, ఎందుకంటే ప్రతి ఇల్లాలూ తన చేతికి బాగా వచ్చినదే చేసి తెస్తుంది. "మీకు తోచినది తెండి" అని పిలిచినప్పుడే అది చెడిపోతుంది. అలా అంటే అయిదు ఇళ్ల నుంచి పులిహోర వస్తుంది, నాలుగు ఇళ్ల నుంచి తీపి వస్తుంది, కలుపుకునేందుకు పులుసు ఉండదు, వచ్చిన కూర ఆరుగురికి కూడా చాలదు, వడ్డన వేళకు సగం గిన్నెలు దారిలో ఉంటాయి. కాబట్టి ఏ వంటకం, ఎంత, ఎన్ని గంటలకు, ఏ స్థితిలో రావాలన్నది పిలిచినవారే నిర్ణయించి స్పష్టంగా చెప్పాలి. అన్నం, పప్పు, పెరుగు, నెయ్యి, మంచినీళ్లు మాత్రం ఏ అతిథికీ అప్పగించకూడదు. ఇవి ఇంటివారివి. ఎవరు రాకపోయినా, ఏ గిన్నె ఒలికిపోయినా, ఇవి అయిదూ ఉంటే నలభై మందీ కడుపునిండా తినే లేస్తారు.

మర్యాద సంగతికి వస్తాను. మీ అత్తగారు వెనుకాడుతున్నారని రాశారు. ఆవిడ వెనుకాడడంలో న్యాయం ఉంది. ఇంటికి వచ్చినవారికి కడుపునిండా పెట్టడం గృహస్థు ధర్మమని మన వైపు గట్టిగా నమ్ముతారు, ఆ ధర్మంలో సగం అతిథి నెత్తిన పెడుతున్నామని ఆవిడకు తోచి ఉంటుంది. అయితే ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు వెళ్లినప్పుడు ఒక ఇంటి పులిహోర, మరొక ఇంటి పప్పు, ఇంకొక ఇంటి బూరెలు ఒక్క చాప మీదికి చేరడం మీ అత్తగారు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. ఎవరూ నొచ్చుకోకుండా ఉండడం అడిగే తీరును బట్టి ఉంటుంది. "మీరు కూడా ఏదైనా పట్టుకురండి" అంటే చందా అడిగినట్టు ఉంటుంది. "పిన్నిగారూ, కనుమ నాడు అందరం మా ఇంట్లో కలుస్తున్నాం, మీ చేతి కంద బచ్చలి కూర మా పిల్లలు ఇంతవరకు తినలేదు, ఒక గిన్నెడు చేసి తెస్తారా" అంటే అది ఆవిడ చేతివంటకు ఇచ్చిన గౌరవం. పెద్దవారి ఇళ్లకు మీ అత్తగారే స్వయంగా వెళ్లి పిలవాలి, మీ ఈడువారికి మీరు ఫోను చేయవచ్చు. వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, కానీ పిలుపు అందులో వద్దు. పిలుపులన్నీ పూర్తయ్యాక, ఎవరు ఏమి తెస్తున్నారో అందరికీ తెలియడానికి మాత్రమే అందులో జాబితా పెట్టండి.

ఏ ఇంటికి ఏ వంటకం అని ఆలోచించేటప్పుడు రుచి కంటే ముందు ఖర్చు చూడండి. సంక్రాంతి మూడు రోజుల్లో నాటుకోడి ధర ఆకాశాన్నంటుతుంది, రొయ్యలు, కొరమీను కూడా తక్కువేమీ కాదు. ఒక ఇంటికి మూడు కిలోల నాటుకోడి, మరొక ఇంటికి కొబ్బరి పచ్చడి చెబితే పైకి ఎవరూ ఏమీ అనరు, కానీ ఆ తేడా మనసులో ఉండిపోతుంది. ఖరీదైన సరుకు ఏదైనా ఇంటివారే కొని, బాగా వండగలవారికి ఆ ఉదయమే అందజేయడం నేను నమ్మిన పద్ధతి. సరుకు మాది, చేయి మీది అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పిలిచినవారిలో ముస్లిం కుటుంబం ఉంటే కోడి హలాల్ చేసినదే తెప్పించి, ఆ సంగతి వారికి ముందే చెప్పండి. వయసు మీద పడి ఒంటరిగా ఉంటున్నవారికి ఒక పచ్చడో, ఊరమిరపకాయలో చెప్పండి. అసలు ఏమీ వద్దంటే, తాము చేయలేమని అనుకున్నట్టు వారికి తోస్తుంది. వంట రాని కుర్రవాళ్లకు, పండుగకు ఊరు వచ్చి తాళం తీసిన ఇంట్లో గ్యాసు కూడా లేనివారికి అరిటాకులు, తాంబూలం అప్పగించండి. కొని తెస్తామనేవారిని చిన్నచూపు చూడవద్దు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజాలు మన ప్రాంతపు విందులో ఏ చేతివంటకూ తీసిపోవు, పైగా పొడిగా ఉంటాయి కనుక వాటికి వేడి బాధ లేదు.

రోజు విషయంలో మీ ఎంపిక బాగుంది. సంక్రాంతి నాడు చాలా ఇళ్లలో పెద్దలకు పెట్టుకుంటారు, భోగి సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోస్తారు, ఆ రెండు రోజులూ ఎవరి ఇల్లు వారు వదలలేరు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, వచ్చిన చుట్టాలు ఊళ్లోనే ఉంటారు. ఒక్కటి చూసుకోండి. అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు చేరతాయి. మీ ఊరు ఆ చుట్టుపక్కలే అయితే ఆ సాయంత్రం దారులు జనంతో నిండిపోతాయి, మీరు పిలిచినవారిలో సగం మంది ప్రభల వెంట ఉంటారు. అప్పుడు ముక్కనుమ మధ్యాహ్నం మేలు. మీ ఊరు అటువైపు కాకపోతే కనుమ సాయంత్రమే ఉంచుకోండి, కానీ వడ్డన ఏడు గంటలకు మించనివ్వకండి. జనవరిలో పొద్దు ఆరు కాకముందే గుంకుతుంది, రాత్రి తొమ్మిది దాటితే ఆరుబయట మంచు కురుస్తుంది, పెద్దవారూ పసివారూ కూర్చోలేరు. తలపైన షామియానా తప్పనిసరి, కానీ చుట్టూ తెరలు కట్టకండి, పొయ్యి వేడికి, పొగకు దారి ఉండాలి.

ఇక వంటకాల ఎంపిక. ఒక వంటకం ఇంట్లో ఎంత రుచిగా ఉంటుందనేది ఒక సంగతి, గిన్నెలో పోసి రెండు వీధులు మోసుకొచ్చి గంటసేపు ఉంచాక ఎలా ఉంటుందనేది వేరే సంగతి, మీరు చూడవలసినది రెండోదే. గుమ్మడికాయ దప్పళం ఇందుకు మొదటి తరగతి వంటకం. తీపి గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, ఆనపకాయ, చిక్కుడు పడి చింతపండు పులుసులో ఉడికిన దప్పళం చిక్కగా ఉంటుంది కనుక వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, ఒక గంట ఆగితే ముక్క పులుసు పీల్చుకుని ఇంకా బాగుంటుంది. చేపల పులుసు కూడా అంతే. పొద్దున వండి పెట్టినది సాయంత్రానికి ముదురుతుంది. అయితే తిరిగి వేడి చేసేటప్పుడు గరిటె పెట్టకూడదు, దాకను రెండు చేతులా పట్టుకుని కదపాలి, లేకపోతే ముక్క విరిగి ముళ్లు పులుసులో కలుస్తాయి. పులస కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టకండి, అది గోదావరికి ఎర్రనీరు వచ్చే వరదల కాలపు చేప, సంక్రాంతికి దొరకదు. కొరమీనో, బొచ్చో చాలు, పిల్లలు ఎక్కువగా ఉంటే ముల్లు తక్కువ ఉండే కొరమీనే మంచిది.

కంద బచ్చలి విషయంలో మాత్రం జాగ్రత్త. ఆవ పెట్టిన కూర ఏదైనా పొయ్యి మీది నుంచి దించి, వేడి తగ్గాక ఆవముద్ద కలుపుతారు. దాన్ని మళ్లీ వేడి చేస్తే ఆవ చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. కనుక ఆ కూర మీ పక్కింటివారికో ఎదురింటివారికో చెప్పండి. కూర వండి తెచ్చి, మీ ఇంట్లో వేడి చేశాక, వడ్డనకు ముందు ఆవ కలుపుకోవచ్చు. కొబ్బరి మన దగ్గర సమృద్ధిగా ఉంది కదా అని కొబ్బరిపాలు పోసిన కూరలు రెండు మూడు పెట్టకండి, అవి త్వరగా పులుస్తాయి. కొబ్బరి పచ్చడి తెచ్చేవారిని ముక్కలు కాస్త వేయించి, చింతపండు వేసి రుబ్బమని చెప్పండి. దూరం నుంచి, అంటే రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా పండుగ రద్దీలో వచ్చేవారు ఎవరైనా ఉంటే వారికి చింతపండు పులిహోర చెప్పండి. పులుపు, నూనె, పసుపు పట్టిన అన్నం ప్రయాణానికి తట్టుకుంటుంది, వేడి చేయవలసిన పని కూడా లేదు. దద్దోజనం చెప్పదలిస్తే, వేడి అన్నంలో పాలు ఎక్కువగా, పెరుగు తోడుకు సరిపడా మాత్రమే కలిపి బయలుదేరమనండి. దారిలో మెల్లగా తోడుకుని వడ్డన వేళకు కమ్మగా ఉంటుంది. తీపిలో అరిసెలు వద్దు. భోగికి ముందే ప్రతి ఇంట్లో అరిసెలు, జంతికలు, సున్నుండలు డబ్బాల నిండా ఉంటాయి, అందరికీ మొహం మొత్తి ఉంటుంది. బొబ్బట్లో, పూర్ణం బూరెలో ఒక్క రకం చాలు.

కనుమ నాడు మినుము తినాలన్న మాట ఉంది కనుక గారెలు లేకుండా ఈ విందు ఉండదు. అవి ఎవరినీ వండి తెమ్మనకండి. అరగంటకు మెత్తబడిన గారె, గంట తరువాత సాగే గారె నాటుకోడి పులుసు గౌరవాన్ని కూడా పోగొడుతుంది. పిండి ఒకరు రుబ్బి తెస్తే మీ పెరట్లో బూరెల మూకుడు పెట్టి వడ్డన జరుగుతుండగానే వేయించాలి. పిండి రుబ్బేవారికి రెండు సంగతులు చెప్పాలి. నీళ్లు చిలకరించడమే తప్ప పోయకూడదు, ఉప్పు వేయకుండా తేవాలి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు కారి జారుగా అవుతుంది, జారు పిండి గారె నూనె తాగుతుంది. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర మూకుడు కాగుతుండగా, ఒక వాయికి సరిపడా పిండిలోనే కలుపుకోండి. కిలో మినప్పప్పుకు మధ్యరకం గారెలు అరవై దాకా వస్తాయి కనుక కిలోన్నర పప్పు నానబోయమనండి. మూకుడు దగ్గర ఒక్కరినే రెండు గంటలు నిలబెట్టకండి, ఇద్దరు వంతులవారీగా వేయించాలి, వారిలో ఒకరు మీ ఇంటివారై ఉండాలి.

కొలతలు చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. పది రకాలున్న విందులో ఎవరూ ఏ కూరనూ మామూలు భోజనంలో తిన్నంత తినరు, ప్రతిదీ రెండు చెంచాలు వేయించుకుంటారు. అందుచేత నలభై మంది వస్తున్నారని ప్రతి ఇంటినీ నలభై మందికి వండమనడం అన్యాయం, అలా చేస్తే సగం పారబోయవలసి వస్తుంది. కూర తెచ్చే ప్రతి ఇల్లూ పదిహేను మందికి మామూలు రోజున సరిపోయేంత తెస్తే నలభై మందికి సర్దవచ్చు. కూరగాయల లెక్కలో అది సుమారు కిలోన్నర. "పదిహేను మందికి" అని చెప్పినా ఒకరి లెక్క మరొకరికి కలవదు కనుక, "మూడు లీటర్ల గిన్నె నిండా" అని పాత్ర కొలత చెప్పడం మేలు. దప్పళం మాత్రం అందరూ అన్నంలో కలుపుకుంటారు కనుక ఏడెనిమిది లీటర్లు కావాలి. దాన్ని ఇద్దరికి సగం సగం చెప్పవద్దు, రెండు రుచులు కలవవు. పెద్ద గిన్నె ఉన్న ఒక్క ఇంటికే చెప్పి, కూరగాయలు మీరు పంపండి. పులిహోర కిలోన్నర బియ్యానికి. మాంసాహారం తినేవారు పాతిక మంది అనుకుంటే, చేప కూడా ఉంది కనుక నాటుకోడి మూడు కిలోలు, చేప రెండు కిలోలు చాలు. ముద్దపప్పుకు కందిపప్పు కిలోంబావు, నెయ్యి అరకిలో, పెరుగు అయిదు లీటర్లు పెట్టుకోండి. చలికి పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది, కనుక కనుమ సాయంత్రానికి కావలసిన పాలను ముందు రోజు రాత్రే, మామూలు కంటే కాస్త ఎక్కువ తోడు వేసి, వంటింట్లో వెచ్చగా ఉన్నచోట పెట్టండి. తాగేందుకు ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు రెండు చాలు, కానీ చేతులు కడుక్కునేందుకు, గిన్నెలు తొలిచేందుకు నీళ్లు వేరుగా ఏర్పాటు చేసుకోండి.

అన్నం గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ విందులో ఇంటివారి పనితనం కనబడేది అక్కడే. సంక్రాంతికి సార్వా ధాన్యం అప్పుడే ఇంటికి వచ్చి ఉంటుంది, కొత్త బియ్యం వండాలని పెద్దవారికి ఉంటుంది. పరమాన్నానికి, అరిసెలకు కొత్త బియ్యమే తగినది. అన్నానికి, పులిహోరకు అది పనికిరాదు. కొత్త గింజలో తేమ ఎక్కువ, త్వరగా ఉడికి మెతుకు మెతుకుకూ అంటుకుంటుంది, పెద్ద గుండిగలో వండితే అడుగు ముద్దవుతుంది. కనీసం ఆరు నెలలు నిలవ ఉన్న పాత బియ్యం వాడండి, పులిహోర తెచ్చేవారికి కూడా ఈ మాట చెప్పండి. నలభై మందికి, పులిహోర, గారెలు ఉన్నప్పుడు, నాలుగు కిలోల బియ్యం సరిపోతాయి. ఆ నాలుగు కిలోలూ ఒకేసారి వండకండి. రెండున్నర కిలోలు మొదటి బంతికి, మిగిలినవి మొదటి బంతి కూర్చున్నాక రెండో బంతికి వండితే రెండు బంతులవారికీ పొగలు కక్కే అన్నం దొరుకుతుంది, మొదటి బంతి తిన్న తీరు చూసి రెండో ఎసరులో బియ్యం తగ్గించుకోవచ్చు కూడా. పెద్ద ఎత్తున వండేటప్పుడు గంజి వార్చడమే నమ్మకమైన పద్ధతి, అత్తెసరు వేసే అలవాటు నాలుగైదుగురి వంటకు బాగుంటుంది.

చెడిపోకుండా చూసుకోవడం గురించి అడిగారు. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. ఈ రెండింటి నడుమ గోరువెచ్చగా రెండు గంటలకు మించి ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మధ్యాహ్నం రెండింటికి వండి మూతపెట్టిన కోడికూర సాయంత్రం ఏడు దాకా గట్టు మీద ఉండడం ఇందుకే ప్రమాదం. పెద్ద గిన్నెలో కూర లోపల చాలా నెమ్మదిగా చల్లారుతుంది, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవికి ఆ గోరువెచ్చదనమే కావాలి. అన్నానికి వేరే భయం ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం ఎవరినీ తెమ్మనవద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. కోడి, చేప వండేవారిని మధ్యాహ్నం కాకుండా నాలుగు గంటల తరువాత పొయ్యి వెలిగించమనండి. నాటుకోడి ఉడకడానికి చాలాసేపు పడుతుంది కనుక కుక్కరులో ముందు ఉడికించుకుని తరువాత పులుసు పెట్టుకోవచ్చు. చేపల పులుసు ఉదయమే వండదలిస్తే వెడల్పాటి గిన్నెల్లో పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం తెచ్చాక పులుసు తెర్లేదాకా వేడి చేయాలి.

ఆరుంపావుకల్లా గిన్నెలన్నీ మీ ఇంటికి చేరాలని, వడ్డన ఏడింటికని విడివిడిగా చెప్పండి. ఆ ముప్పావుగంటలో ప్రతి కూరా ఒకసారి పొయ్యి ఎక్కి దిగాలి. ఇంట్లోని రెండు పొయ్యిల స్టవ్వు మీద ఇది సాధ్యం కాదు. షామియానా, కుర్చీలు అద్దెకిచ్చే సప్లై వారి దగ్గరే పెద్ద గ్యాసు పొయ్యిలు మూడు తెచ్చుకోండి. పండుగ రోజుల్లో వారి దగ్గర ఏదీ చివరి నిమిషంలో దొరకదు, వారం ముందే చెప్పి బయానా ఇవ్వండి. ఒక పొయ్యి మీద అన్నం, రెండో దాని మీద గారెలు, మూడో దాని మీద మాంసాహారం, ఇంటి స్టవ్వు మీద శాకాహారం వేడి చేయండి. ఈ విభజన తరువాత చెప్పబోయే మాటకు కూడా పనికివస్తుంది. వేరుశనగ, జీడిపప్పు, రొయ్యలు పడనివారు ఎవరైనా ఉన్నారేమో పిలిచేటప్పుడే అడగండి. గుత్తివంకాయలో వేరుశనగ పొడి, తీపిలో జీడిపప్పు కంటికి కనబడవు, కనుక అటువంటివారు ఉంటే ఆ గిన్నెల సంగతి వడ్డించేవారికి తెలిసి ఉండాలి. అలాగే చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారికి తీపి వద్దని అందరిలో చెప్పకండి, వారి ఆకులో చిన్న ముక్క వేయమని వడ్డించేవారికి చెబితే చాలు.

పళ్లాలు పట్టుకుని ఎవరికి వారే వడ్డించుకునే బఫే పెట్టాలని మీ ఆలోచన. నేను బంతి భోజనమే మంచిదంటాను. మర్యాద కోసం మాత్రమే కాదు, లెక్క కోసం కూడా. బఫేలో ముందు నిలబడ్డ పదిమంది నచ్చిన కూరను గరిటెల నిండా వేసుకుంటారు, అది వారి తప్పు కాదు, వెనుక ఎందరున్నారో వారికి తెలియదు. చివరివారికి అన్నం, పప్పు మిగులుతాయి. పదిహేను మందికి వచ్చిన కూర నలభై మందికి సర్దగలిగేది వడ్డించే చేయి మాత్రమే. ఇరవై మంది చొప్పున రెండు బంతులు పెట్టండి. మొదటి బంతి కూర్చోకముందే ప్రతి గిన్నెలోనూ సగం వేరే పాత్రలోకి తీసి, ఆవ పెట్టినది తప్ప వేడిగా ఉండవలసిన కూరలను మంట తక్కువలో పెట్టి ఉంచండి. ఈ ఒక్క పని చేస్తే రెండో బంతివారు తక్కువ తిన్నామని అనుకునే అవసరం రాదు. మొదటి బంతిలో పిల్లలు, పెద్దవారు, దూరం వెళ్లవలసినవారు కూర్చోవాలి. వడ్డించేవారు ఆరుగురు కావాలి, వారు మీ ఇంటివారూ, వంట తేకుండా వచ్చిన కుర్రవాళ్లూ అయితే బాగుంటుంది, వండి తెచ్చినవారి చేత గరిటె పట్టించవద్దు. మోకాళ్ల నొప్పులున్నవారికి బల్లలు వేసి వాటి మీదే ఆకులు పరచండి. వడ్డిస్తూ "ఇది ఫలానా వదినగారి దప్పళం" అని ప్రతి వరుసలోనూ పేరు చెప్పాలి. తెచ్చినవారికి దక్కవలసిన మాట అది, ఎవరి ఆకు దగ్గర ఆ మాట వినబడకపోయినా వెలితిగా ఉంటుంది.

ఆకులకు కొదువ లేని ప్రాంతం మనది, కానీ పండుగకు ధర పెరుగుతుంది, గాలికి చీలిన ఆకు విందుకు పనికిరాదు. తోట ఉన్నవారికి ముందే చెప్పి కనుమ ఉదయమే కోయించి, తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచండి. ఆకుల బదులు పళ్లాలు వాడదలిస్తే విస్తరి పళ్లాలే తెచ్చుకోండి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మాకోల్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం.

శాకాహారుల సంగతి. ఒకే పందిట్లో అందరూ కూర్చోవచ్చు, ఒకే వరుసలో వద్దు. శాకాహారుల వరుసకు వంటింటి వైపు నుంచి, తక్కినవారికి పెరటి పొయ్యి వైపు నుంచి వడ్డన రావాలి. వడ్డించే మనుషులు, గరిటెలు, బేసిన్లు వేరు వేరుగా ఉండాలి. కోడికూరలో పెట్టిన గరిటె ఒక్కసారి దప్పళంలో పడితే ఆ గిన్నె వారికి లేనట్టే. గారెలు వేయించే నూనెలో చేప ముక్క వేయవద్దని మూకుడు దగ్గరివారికి ముందే చెప్పండి, చివర్లో నూనె మిగిలిందని పిల్లలు అడుగుతారు. ఉల్లి, వెల్లుల్లి లేని వంటకాలు కనీసం మూడు ఉండేలా చూసుకోండి. ముద్దపప్పు, దప్పళం, కంద బచ్చలి అలా వండుకోవచ్చు, రుచికి ఏ లోటూ రాదు.

మీ అమ్మమ్మగారు పరాయి ఇంటి వంట ముట్టరని రాశారు. ఆవిడ కోసం మిగిలినవారి పద్ధతి మార్చనక్కరలేదు, ఆవిడ పద్ధతినీ మార్చబోవద్దు. ఆ వయసులో చాలామంది రాత్రిపూట ఫలహారమే చేస్తారు. ఆవిడకు కావలసినది మీ వంటింట్లో, మిగిలిన పనులు మొదలుకాక ముందే చేసి విడిగా ఉంచండి. మొదటి బంతిలో, శాకాహారుల వరుస మొదట్లో, ఆవిడ పీట వేసి కూర్చోబెట్టి అందరితో పాటే వడ్డించండి. ముందే లోపల తిని పందిట్లోకి వచ్చి కూర్చోవడం ఆవిడకు ఇష్టమైతే అదీ మంచిదే. ఒక్క గారె రుచి చూడమని ఎవరూ బలవంతం చేయకుండా ఇంట్లోవారికి, ముఖ్యంగా చనువున్న మనవలకు చెప్పి ఉంచండి.

ఇక మిగిలినవి, గిన్నెలు. ఆకులో వడ్డించిన తరువాత మిగిలినది ఎవరికీ ఇవ్వకూడదు, గిన్నెలో ఉండిపోయినది ఇవ్వవచ్చు. రెండో బంతి లేవగానే కూరలు చిన్న డబ్బాల్లోకి తీసి, కావలసినవారికి ఆ రాత్రే పంపండి, మాంసాహారం మరుసటి రోజుకు దాచేటట్లయితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎముకలు, ముళ్లు పడిన ఆకులు వేరే బుట్టలో వేయించండి, తక్కినవి పశువులకు వేసుకోవచ్చు. కనుమ నాడు పనివారికి కూడా పండుగే, గిన్నెలు తోమడానికి ఎవరూ రారని అనుకునే ఏర్పాటు చేసుకోండి, వచ్చేవారుంటే ముందే అడిగి, పండుగ రోజుకు తగిన కూలి ఇచ్చి, వారి ఇంటికి భోజనం కట్టి పంపండి. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉంటాయి, మూతల మీద, గరిటెల మీద ఉండవు. గిన్నె రాగానే మూతకూ గరిటెకూ ఒకే రంగు దారం కట్టి, ఏ రంగు ఎవరిదో ఒక కాగితం మీద రాసుకోండి. తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపరాదు కనుక, ఇంటికి నాలుగు అరిసెలు, గుప్పెడు జంతికలు చొప్పున పదకొండు ఇళ్లకూ సరిపడా కనుమ ఉదయమే వేరే డబ్బాలో తీసి పక్కన పెట్టుకోండి. పందిట్లోకి తెచ్చిన డబ్బాలో రాత్రికి ఏమీ మిగలవు.